ఎనిమిది పటాలాల గీత దాటిన తిమ్మయ్య

బెంగళూరులో రిచ్‌మండ్‌ రోడ్డు అంటే తెలియని ఆటో డ్రైవరు ఉండడు. ఆ రోడ్డుకే జనరల్‌ కె.ఎస్‌.తిమ్మయ్య రోడ్డు అని మరో పేరు ఉందంటే మాత్రం చాలామంది ఓసారి ఆలోచిస్తారు. మడికేరి వెళ్తే అంత ఆలోచించక్కర్లేదు. అక్కడ ఆయన పుట్టి పెరిగిన సన్నీ సైడ్‌ అనే ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 2021 ఫిబ్రవరి 6న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ దాన్ని ప్రారంభించారు. సెలవుల్లో కొడగు వెళ్లే తెలుగు కుటుంబాలు అబ్బీ జలపాతం, రాజాసీటు చూసుకుని తిరిగొచ్చేస్తాయి కానీ, ఈ ఇంట్లో ఓ గంట గడిపితే పిల్లలకు చెప్పడానికి ఒక మంచి కథ దొరుకుతుంది.

ఆ కథలో యుద్ధాలున్నాయి, పతకాలున్నాయి. వాటన్నిటికంటే ముందు ఒక చిన్న కాగితం ఉంది. శిక్షణ పూర్తయిన కుర్ర అధికారి ఏ దళంలోకి, ఏ పటాలంలోకి వెళ్లాలో చెప్పే ఉత్తర్వు అది. ఈ రోజుల్లో అది మామూలు విషయం. తిమ్మయ్య రోజుల్లో మాత్రం ఆ కాగితం మీద రాయడానికి ఎనిమిదే పేర్లుండేవి. మిగతా సైన్యమంతా భారతీయులకు మూసిన తలుపే.

కాఫీ తోటల ఇల్లు

కోదండేర సుబ్బయ్య తిమ్మయ్య 1906 మార్చి 31న మడికేరిలో పుట్టారు. కాఫీ తోటలున్న కుటుంబం. తల్లి సీతమ్మ చదువుకున్న మనిషి, సమాజ సేవలోనూ ముందుండేవారు. ఆ సేవకు ఆమెకు కైజర్‌ ఇ హింద్‌ పతకం దక్కింది. కొడవల ఇళ్లలో తుపాకీ, కత్తి పూజలందుకునే వస్తువులు. మగపిల్లాడు సైన్యంలోకి వెళ్తానంటే వింతగా చూసేవాళ్లెవరూ ఉండరు. ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములూ సైన్యంలోనే చేరారు.

ఎనిమిదేళ్లకే తిమ్మయ్యను కూనూరులో ఐరిష్‌ బ్రదర్లు నడిపే సెయింట్‌ జోసెఫ్స్‌లో చేర్చారు. తర్వాత బెంగళూరు బిషప్‌ కాటన్‌ స్కూలు. 1922లో డెహ్రాడూన్‌లో ప్రిన్స్‌ ఆఫ్‌ వేల్స్‌ రాయల్‌ ఇండియన్‌ మిలిటరీ కాలేజీ మొదలైంది. సైన్యంలో అధికారులు కాగోరే భారతీయ కుర్రాళ్లను ఇంగ్లండ్‌ చదువుకు తయారుచేయడమే దాని పని. తిమ్మయ్య అక్కడ చేరారు. అది ముగిశాక ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌ మిలిటరీ కాలేజీకి ఎంపికైన ఆరుగురు భారతీయుల్లో ఆయన ఒకరయ్యారు.

ఏడాదికి పది సీట్లు

అంతకుముందు సంగతి ఓసారి చూడాలి. మొదటి ప్రపంచయుద్ధం దాకా భారతీయుడు ఎంత శూరుడైనా జమేదారు, సుబేదారు, మహా అయితే సుబేదార్‌ మేజరు. అక్కడితో సరి. ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన సుబేదార్‌ మేజరు కూడా నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల లెఫ్టినెంటుకు సెల్యూట్‌ కొట్టాల్సిందే. ఆ యుద్ధంలో లక్షలమంది భారతీయ సిపాయిలు పోరాడాక, ఏదో ఒకటి ఇవ్వక తప్పదని ప్రభుత్వానికి అర్థమైంది. 1918లో శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకు ఏడాదికి పది సీట్లు కేటాయించారు. దేశం మొత్తానికి పదంటే పది!

ఆ పదిమందికి కూడా అన్ని దారులూ లేవు. బ్రిటిష్‌ వాళ్లకు అప్పట్లో రెండు కాలేజీలుండేవి. శాండ్‌హర్స్ట్‌లో చదివితే పదాతిదళం, లేదంటే గుర్రపు దళం. ఫిరంగి దళం, ఇంజినీర్లు కావాలంటే వూలిచ్‌లో చదవాలి. వూలిచ్‌ తలుపు భారతీయులకు తెరుచుకోలేదు. విమానాలు నడిపే క్రాన్‌వెల్‌ కాలేజీ కూడా అంతే. అంటే భారతీయ క్యాడెట్‌కు లెక్కల్లో ఎంత ప్రతిభ ఉన్నా, యంత్రాలంటే ఎంత ఇష్టమున్నా ఫిరంగి ముట్టుకునే యోగం లేదు. తుపాకీ పట్టి నడవాలి, లేదా గుర్రమెక్కాలి.

ఎనిమిది గదుల ఇల్లు

అక్కడితో ఆగలేదు. శాండ్‌హర్స్ట్‌ నుంచి వచ్చే భారతీయులు కొన్నేళ్లకు కెప్టెన్లు, ఆ తర్వాత మేజర్లు అవుతారు. అప్పుడు వాళ్ల కింద తెల్ల కుర్రాళ్లు పనిచేయాల్సి వస్తుంది. ఇది చాలామంది బ్రిటిష్‌ అధికారులకు మింగుడు పడలేదు. దానికి కమాండర్‌ ఇన్‌ చీఫ్‌ లార్డ్‌ రాలిన్సన్‌ ఒక ఉపాయం కనిపెట్టారు. 1923 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో ప్రకటించారు. సైన్యంలో ఎనిమిది యూనిట్లను విడదీసి, భారతీయ అధికారులను ఇకపై వాటిలోకే పంపుతారు.

ఆ ఎనిమిదీ ఇవి. 7వ లైట్‌ కావల్రీ, 16వ లైట్‌ కావల్రీ అనే రెండు గుర్రపు దళాలు. పదాతిలో 1వ పంజాబ్‌ రెండో బెటాలియన్‌, 5వ మరాఠా లైట్‌ ఇన్‌ఫాంట్రీ ఐదో బెటాలియన్‌, 7వ రాజ్‌పుత్‌ మొదటి బెటాలియన్‌, 14వ పంజాబ్‌ మొదటి బెటాలియన్‌, 19వ హైదరాబాద్‌ నాలుగో బెటాలియన్‌. ఎనిమిదోది 1వ మద్రాస్‌ పయొనీర్స్‌ రెండో బెటాలియన్‌.

పైకి చూస్తే ఇది భారతీయులకు ఇచ్చిన వరం. వాళ్ల యూనిట్లను వాళ్లే నడుపుకుంటారన్నారు. లోపల సంగతి వేరు. ఈ ఎనిమిదింటిలో కింది నుంచి భారతీయులు పైకొస్తారు, పై నుంచి తెల్లవాళ్లు ఖాళీ అవుతారు. కొత్తగా తెల్ల కుర్రాళ్లను పంపరు. కాబట్టి తెల్లవాడు నల్లవాడి చేతికింద పనిచేసే రోజు రాదు. పైగా ఈ ఎనిమిదీ సరిగా నడవకపోతే భారతీయులకు నాయకత్వం చేతకాదని తేల్చేయొచ్చు. భారతీయ అధికారుల్లో చాలామంది దీన్ని వెలివాడగానే చూశారు. జాతీయ నాయకులూ అదే మాట అన్నారు.

ఇందులో దక్షిణాది గోడు ఇంకొకటి ఉంది. మద్రాసు సిపాయిలు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం 19వ శతాబ్దం చివర్లో సైన్యాధిపతి రాబర్ట్స్‌ కాలంలో బలపడింది. తెలుగు, తమిళ సిపాయిలున్న పాత మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. ఆ ఎనిమిదింటిలో చోటు దొరికిన మద్రాస్‌ పయొనీర్స్‌ను కూడా 1933లో ఎత్తేశారు. అందులో ఉన్న భారతీయ అధికారులను వేరే చోట సర్దాల్సి వచ్చింది. అలా హైదరాబాద్‌ నాలుగో బెటాలియన్‌కు వచ్చిన వారిలో ఎస్‌.ఎం.శ్రీనగేష్‌ ఒకరు. కొల్హాపూర్‌లో పుట్టిన ఆయన తండ్రి డాక్టర్‌ మల్లన్న హైదరాబాద్‌లో నిజాం దగ్గర వైద్యుడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బెంగళూరులో ఏడాది

1926 ఫిబ్రవరి 4న తిమ్మయ్యకు కమిషన్‌ వచ్చింది. అయినా వెంటనే సొంత పటాలం ఉండదు. భారత సైన్యానికి ఎంపికైన ప్రతి కుర్రాడూ, తెల్లవాడైనా సరే, ముందు ఒక ఏడాది పాటు ఇండియాలో ఉన్న బ్రిటిష్‌ బెటాలియన్‌లో పనిచేయాలి. కాగితాల మీద వాళ్లను ఎక్కడా చేరని జాబితాలో ఉంచేవారు. ఆ ఏడాదిలో వాళ్ల నడవడి, పని, ఆటలు, మెస్సులో మర్యాదలు అన్నీ పై అధికారులు గమనిస్తారు. తెల్ల కుర్రాళ్లకు ఈ ఏడాది పెళ్లిచూపుల్లాంటిది. నచ్చిన రెజిమెంటు చుట్టూ తిరుగుతారు, వాళ్లకూ ఇతను నచ్చితే తీసుకుంటారు. తండ్రి, తాత పనిచేసిన పటాలమైతే పని ఇంకా సులువు. భారతీయుడికి ఆ తిరుగుడు లేదు. ఆ ఎనిమిదింటిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే.

తిమ్మయ్య ఆ ఏడాది హైలాండ్‌ లైట్‌ ఇన్‌ఫాంట్రీ రెండో బెటాలియన్‌తో గడిపారు. స్కాట్లండ్‌ వాళ్ల పటాలం అది. ఆటల్లో చురుకు, ఎదుటివాడితో ఇట్టే కలిసిపోయే గుణం ఆయనకు పనికొచ్చాయి. తిమ్మయ్య అని నోరు తిరగని తెల్ల అధికారులకు ఆయన టిమ్మీ అయిపోయారు. ఆ పేరు జీవితాంతం ఉండిపోయింది. అయితే రెజిమెంటులో ఎంత స్నేహమున్నా, కంటోన్మెంట్‌లో తెల్లవాళ్ల క్లబ్బుల దగ్గరికి వచ్చేసరికి రంగు అడ్డొచ్చే రోజులవి. ఒకే యూనిఫాం వేసుకుని, ఒకే జెండాకు సెల్యూట్‌ కొట్టి, సాయంత్రం అయ్యేసరికి ఒకరు లోపల, ఒకరు బయట.

1927 మే 28న ఉత్తర్వు వచ్చింది. 19వ హైదరాబాద్‌ రెజిమెంట్‌, నాలుగో బెటాలియన్‌.

పేరు మనది, మనుషులు ఉత్తరాది

హైదరాబాద్‌ రెజిమెంట్‌ మూలాలు నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో హైదరాబాద్‌లో బ్రిటిష్‌ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్‌ లేపిన బ్రిగేడ్‌, బేరార్‌ దళాలు కలిసి హైదరాబాద్‌ కంటింజెంట్‌ అయ్యాయి. ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషువాళ్లది. 1903లో ఆ కంటింజెంట్‌ బ్రిటిష్‌ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. పేరు హైదరాబాద్‌ అని ఉన్నా సిపాయిల్లో కుమావోనీలు, అహీర్లు, జాట్లు, కొంత దక్కన్‌ ముస్లింలు ఉండేవారు. ఆ కారణంతోనే 1945 అక్టోబరులో దాని పేరు కుమావోన్‌ రెజిమెంట్‌గా మార్చారు.

మొదట ఇరాక్‌. తర్వాత కొంతకాలం అలహాబాద్‌. ఊరంతా స్వాతంత్ర్య ఉద్యమంతో అట్టుడుకుతోంది. ఖద్దరు టోపీల మధ్య బ్రిటిష్‌ యూనిఫాంలో తిరగడం భారతీయ అధికారులకు ముల్లులా గుచ్చుకునేది. రాజీనామా చేసి ఉద్యమంలో దూకాలా అని తిమ్మయ్య, ఆయన మిత్రులు మథనపడ్డారు. మోతీలాల్‌ నెహ్రూను కలిసి సలహా అడిగారు. ఆ పెద్దాయన వద్దన్నారు. రేపు దేశం స్వతంత్రమైతే సైన్యాన్ని నడపడానికి మనవాళ్లు కావాలి, అక్కడే ఉండి పని నేర్చుకోండని వాళ్లకు నచ్చజెప్పారు. వెలివాడగా భావించిన చోటే బడి అన్న సంగతి ఆ రోజు వాళ్లకు తలకెక్కింది.

1930 సెప్టెంబరులో తిమ్మయ్య బెటాలియన్‌ అడ్జుటెంట్‌ అయ్యారు. వాయవ్య సరిహద్దులో కొండల యుద్ధం నేర్చుకున్నారు. 1935 జనవరిలో నీనా కరియప్పతో పెళ్లి. ఆ మే 31న క్వెట్టా భూకంపం వచ్చింది. ఊరు ఊరంతా నేలమట్టం. శిథిలాల కింద నుంచి మనుషులను తీయడంలో భర్త, గాయపడిన వాళ్లకు సేవ చేయడంలో భార్య రేయింబవళ్లు పనిచేశారు. మరుసటేడు ఏప్రిల్‌లో మద్రాసు యూనివర్సిటీ ట్రైనింగ్‌ కోర్‌కు అడ్జుటెంట్‌గా బదిలీ అయ్యారు. కాలేజీ కుర్రాళ్లకు కవాతు నేర్పే పని. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా కలిసిందే.

ఈలోగా పరిస్థితి కొంచెం మారింది. 1925లో వేసిన స్కీన్‌ కమిటీ ఎనిమిది యూనిట్ల పద్ధతి ఎత్తేయమంది. ప్రభుత్వం దాన్ని ఎత్తేయలేదు గానీ, శాండ్‌హర్స్ట్‌ సీట్లు పెంచి, వూలిచ్‌, క్రాన్‌వెల్‌ తలుపులు కాస్త తెరిచింది. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్‌ మిలిటరీ అకాడమీ పెట్టారు. తొలి బ్యాచ్‌లో 40 మంది. శ్యామ్‌ మానెక్‌షా వాళ్లలో ఒకరు. 1935లో బెంగళూరులో భారతీయ గన్నర్లతో తొలి ఫీల్డ్‌ బ్రిగేడ్‌ ఏర్పడింది.

తల్లి పటాలం ఓడిన చోట...

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక నాలుగో బెటాలియన్‌ సింగపూర్‌ ప్రాంతంలో ఉంది. తిమ్మయ్యా అక్కడే ఉన్నారు. 1941లో ఇండియాకు బదిలీ అయ్యారు. ఆ బదిలీయే ఆయన రాత మార్చింది. 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్‌ నది దగ్గర జపాన్‌ ట్యాంకులు తెల్లవారకముందే దూసుకొచ్చి నాలుగో బెటాలియన్‌ను చిందరవందర చేశాయి. ఎదుర్కోడానికి దాని దగ్గర ట్యాంకులు లేవు. ఫిబ్రవరి 15న సింగపూర్‌ లొంగిపోయింది. మిగిలినవాళ్లు బందీలయ్యారు. తిమ్మయ్య అన్న పొన్నప్ప కూడా ఆజాద్‌ హింద్‌ ఫౌజులో చేరారు. తమ్ముడు ఒక పక్క, అన్న ఇంకో పక్క. ఆనాటి ఎన్నో సైనిక కుటుంబాల కథే ఇది.

స్టాఫ్‌ కాలేజీ చదువు, 25వ డివిజన్‌లో స్టాఫ్‌ ఉద్యోగం తర్వాత 1944లో తిమ్మయ్యకు అసలు అవకాశం వచ్చింది. హైదరాబాద్‌ ఎనిమిదో బెటాలియన్‌కు కమాండింగ్‌ ఆఫీసర్‌. చోటు బర్మాలోని అరకాన్‌ అడవులు. అదే 51వ బ్రిగేడ్‌లో మిగతా రెండు బెటాలియన్లకూ భారతీయులే అధిపతులయ్యారు. పంజాబ్‌ బెటాలియన్‌కు ఎస్‌.పి.పి.థోరట్‌, బలూచ్‌ బెటాలియన్‌కు ఎల్‌.పి.సేన్‌. భారతీయులు బెటాలియన్‌ను యుద్ధంలో నడపగలరా అని ఇరవై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్నకు 1945 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కంగావ్‌ దగ్గర జవాబు దొరికింది. భీకరంగా సాగిన ఆ పోరులో ముగ్గురి పటాలాలూ నిలిచాయి. ముగ్గురికీ డీఎస్‌ఓ పతకాలొచ్చాయి. ఆ తర్వాత తిమ్మయ్య యుద్ధరంగంలో బ్రిగేడ్‌ను నడిపిన తొలి భారతీయుడయ్యారు. సింగపూర్‌లో జపాన్‌ లొంగిపోయినప్పుడు భారత్‌ తరఫున హాజరైందీ ఆయనే. తల్లి పటాలం బందీ అయిన ఊళ్లోనే!

కొండల మీదికి ట్యాంకులు

యుద్ధం ముగిశాక 268వ బ్రిగేడ్‌తో జపాన్‌ వెళ్లారు. 1947లో వెనక్కి పిలిపించారు. సైన్యం రెండు దేశాలకు పంపకం, పంజాబ్‌లో శరణార్థుల గోస... ఆ నెలలన్నీ అందులోనే గడిచాయి. అదే ఏడాది నవంబరు 3న శ్రీనగర్‌ను కాపాడుతూ బడ్గామ్‌లో ప్రాణమిచ్చిన మేజర్‌ సోమ్‌నాథ్‌ శర్మ నాలుగో కుమావోన్‌ అధికారి. తిమ్మయ్య యవ్వనమంతా గడిపిన పటాలమే అది. దేశంలో తొలి పరమవీర చక్ర ఆయనకే దక్కింది.

1948లో కాశ్మీర్‌ లోయ బాధ్యత మేజర్‌ జనరల్‌ తిమ్మయ్య చేతికొచ్చింది. లేహ్‌కు దారి తెగిపోయింది. మే 24న ఎయిర్‌ కమొడోర్‌ మెహర్‌ సింగ్‌ నడిపిన డకోటా విమానంలో ఎక్కి, పదకొండు వేల అడుగుల ఎత్తున ఇసుక, రాళ్లు సర్దిన పట్టీ మీద లేహ్‌లో దిగారు. అంతకుముందు అక్కడ విమానం దిగింది లేదు. జనరలే ఎక్కి కూర్చుంటే పైలట్లకు వేరే ధైర్యం చెప్పక్కర్లేదు కదా.

లేహ్‌ నిలవాలంటే మాత్రం జోజిలా కనుమ కావాలి. సెప్టెంబరులో పదాతి దాడులు విఫలమయ్యాయి. చలికాలం వచ్చేస్తోంది. తిమ్మయ్య ఎవరూ ఊహించని పని తలపెట్టారు. అంత ఎత్తుకు ట్యాంకులు ఎక్కించడం! ఎంచుకున్న దళం 7వ లైట్‌ కావల్రీ. పాత మద్రాసు ఆశ్విక దళం వారసత్వం దానిది. ఆ ఎనిమిది యూనిట్లలోనూ ఒకటి. ట్యాంకుల పై భాగాలు ఊడదీసి, గుర్తు తెలియకుండా కప్పి, శ్రీనగర్‌ దాటించారు. బాల్తాల్‌ నుంచి కనుమ దాకా కంచరగాడిదలు నడిచే బాటను ట్యాంకులు పోయే దారిగా మార్చింది మద్రాస్‌ శాపర్లు. బెంగళూరు కేంద్రంగా ఉన్న దక్షిణాది ఇంజినీర్ల దళం అది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్లు పనిచేసే దళం. యుద్ధానికి పనికిరారని ఒకప్పుడు ముద్రవేసిన ప్రాంతాల పిల్లలు మంచులో రాళ్లు పగలగొట్టి దారివేశారు.

1948 నవంబరు 1న లెఫ్టినెంట్‌ కర్నల్‌ రాజిందర్‌ సింగ్‌ దళం స్టూవర్ట్‌ ట్యాంకులు జోజిలాలోకి దూసుకెళ్లాయి. ముందు వరుసలోనే తిమ్మయ్య ఉన్నారని చెబుతారు. శత్రువు బిత్తరపోయాడు. ఆ నెలలోనే కార్గిల్‌ చేతికొచ్చింది, లేహ్‌కు దారి తెరుచుకుంది. స్లిమ్‌ నది దగ్గర ట్యాంకులు చేసిన పని ఏమిటో ఆ పటాలం మనిషికి వేరే చెప్పాలా!

అయితే ఆ యుద్ధం ఆ ఇంటికి దుఃఖాన్నీ మిగిల్చింది. తమ్ముడు సోమయ్య కాశ్మీర్‌లోనే మందుపాతర ప్రమాదంలో చనిపోయారు.

క్యాడెట్‌ కోరుకున్న దళం

కాశ్మీర్‌ తర్వాత తిమ్మయ్య డెహ్రాడూన్‌ అకాడమీకి కమాండెంట్‌ అయ్యారు. ఎనిమిది పేర్ల జాబితాలోంచి వచ్చిన మనిషి, ఇప్పుడు సైన్యంలోని అన్ని దళాలకూ అధికారులను తయారుచేసే చోట పెద్ద. స్వతంత్ర భారతంలో ఫిరంగి దళం, ట్యాంకులు, సిగ్నల్స్‌, ఇంజినీర్లు, ఏదీ భారతీయుడికి మూసిన తలుపు కాదు.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. ఎన్‌డీఏకు వెళ్లేవాళ్లకు మొదటి మెట్టు సైన్యమా, నౌకాదళమా, వాయుసేనా అన్నది. పరీక్ష ర్యాంకు, రాసిచ్చిన ఇష్టం, వైద్య పరీక్ష చూసి తేలుస్తారు. సైన్యంలోకి వచ్చినవాళ్లు డెహ్రాడూన్‌లో చివరి టర్ములో తమకు కావలసిన దళాలను వరుసగా రాసిస్తారు. చదువు, శారీరక శిక్షణ, నాయకత్వం... అన్నిట్లో వచ్చిన మార్కులతో మెరిట్‌ జాబితా తయారవుతుంది. ఆ ఏడాది ఏ దళంలో ఎన్ని ఖాళీలున్నాయో చూస్తారు. కళ్లు, వినికిడి లాంటి వైద్య అంశాలు చూస్తారు. తండ్రి పనిచేసిన రెజిమెంటును కొడుకు కోరుకునే వీలూ ఉంది. మంచి ర్యాంకులన్నీ ఒకే దళానికి పోకుండా సర్దుబాటు కూడా ఉంటుంది. చివరి టర్ములో ఆ జాబితా వచ్చే రోజు క్యాడెట్లకు పెళ్లి ముహూర్తం కంటే ఎక్కువ టెన్షన్‌. కోరింది దొరికినవాళ్లు గంతులేస్తారు. దొరకనివాళ్లు నాలుగు రోజులు ముఖం వేలాడేసి, యూనిట్‌కు వెళ్లిన నెలకే మా పటాలమే గొప్పదని వాదిస్తారు!

కోరింది రాకపోవడం ఒకటి, కోరే హక్కే లేకపోవడం వేరు. తిమ్మయ్య తరానికి ఉన్నది రెండోది. తలుపులు ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి. చెన్నై ఆఫీసర్స్‌ ట్రైనింగ్‌ అకాడమీ నుంచి 2023 ఏప్రిల్‌లో తొలిసారి ఐదుగురు యువతులు ఫిరంగి దళంలో అధికారులయ్యారు.

కొరియాలో బందీలు, ఢిల్లీలో రాజీనామా

1953లో కొరియా యుద్ధం ఆగింది. సొంత దేశానికి తిరిగి వెళ్లనన్న దాదాపు 23 వేల మంది యుద్ధ ఖైదీల సంగతి తేల్చడానికి తటస్థ దేశాల కమిషన్‌ వేశారు. దానికి అధ్యక్షుడు తిమ్మయ్య. ఖైదీలను కాపాడే భారత దళానికి అధిపతి కంగావ్‌ మిత్రుడు థోరట్‌. రెండు పక్షాలూ తమవైపే తీర్పు రావాలని ఒత్తిడి తెచ్చేవి. శిబిరాల్లో అల్లర్లు. ఎవరి మీదా బలవంతం ఉండకూడదు, ఎక్కడికి వెళ్లాలో ఖైదీయే చెప్పాలన్న పట్టుతో ఆ నెలలు నడిపారు. 1954లో పద్మభూషణ్‌ వచ్చింది.

1957 మే 8న ఆయన సైన్యాధిపతి అయ్యారు. పదవి అప్పగించి దిగిపోయింది ఎవరో కాదు, శ్రీనగేష్‌. ఒకే బెటాలియన్‌ మెస్సులో కూర్చున్న ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు దేశ సైన్యానికి అధిపతులయ్యారన్నమాట. శ్రీనగేష్‌ ఆ తర్వాత 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్‌ గవర్నరు, ఆపైన మైసూరు గవర్నరు.

సైన్యాధిపతి కుర్చీ పూలపాన్పు కాలేదు. రక్షణమంత్రి కృష్ణమీనన్‌తో పొసగలేదు. ఎవరికి పదోన్నతి ఇవ్వాలి, ఎవరిని ఏ స్థానంలో పెట్టాలి అన్న దగ్గరే గొడవలన్నీ. వృత్తి అనుభవం చూడాలని తిమ్మయ్య పట్టు. తన మాట చెల్లనప్పుడు 1959 ఆగస్టు 31న రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ పిలిచి మాట్లాడి వెనక్కి తీసుకోమన్నారు. తిమ్మయ్య తీసుకున్నారు. రెండు రోజులకే నెహ్రూ పార్లమెంటులో మీనన్‌ను సమర్థించి, రాజీనామా ఇచ్చిన తీరును తప్పుపట్టారు. అప్పుడు వెనక్కి తీసుకోవడం తిమ్మయ్య చేసిన పొరపాటని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పౌర ప్రభుత్వానికి సైన్యం తలవంచాలన్న మాట నిలబడింది కదా అనేవాళ్లూ ఉన్నారు. తన తర్వాత థోరట్‌ రావాలని ఆయన సిఫార్సు చేసినా ప్రభుత్వం పి.ఎన్‌.థాపర్‌ను ఎంచుకుంది. 1961 మే 7న తిమ్మయ్య రిటైరయ్యారు. మరుసటేడే చైనా యుద్ధం. ఆ ఓటమి తర్వాత మీనన్‌ పదవి పోయింది, థాపర్‌ తప్పుకున్నారు.

జాబితా చెప్పే నిజం

స్వతంత్ర భారత సైన్యానికి అధిపతులైన తొలి భారతీయుల పేర్లు వరుసగా చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1949 జనవరి 15న బాధ్యత తీసుకున్న కరియప్పది 7వ రాజ్‌పుత్‌ మొదటి బెటాలియన్‌. రాజేంద్రసింహ్‌జీ ఒక్కరే వేరు, 2వ లాన్సర్స్‌. శ్రీనగేష్‌, తిమ్మయ్య ఇద్దరూ హైదరాబాద్‌ నాలుగో బెటాలియన్‌. థాపర్‌ది 1వ పంజాబ్‌ రెండో బెటాలియన్‌. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించిన జె.ఎన్‌.చౌధురిది 7వ లైట్‌ కావల్రీ. ఆరుగురిలో ఐదుగురు ఆ ఎనిమిది యూనిట్లలోంచి వచ్చినవాళ్లే! ఆ తర్వాత వచ్చిన కుమారమంగళం వూలిచ్‌లో చదివి ఫిరంగి దళంలో చేరినవారు, తమిళనాడు మనిషి. ఆయన వెనుక మానెక్‌షా, డెహ్రాడూన్‌ తొలి బ్యాచ్‌. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఈ ఎనిమిది పేర్లలోనే తెలిసిపోతుంది.

సైప్రస్‌లో చివరి కొలువు

రిటైరై కొడగు తోటలకు చేరిన మనిషిని ఐక్యరాజ్యసమితి మళ్లీ పిలిచింది. 1964 జులైలో సైప్రస్‌లో శాంతిసేన బాధ్యత. గ్రీకు, టర్కీ వర్గాల మధ్య రక్తపాతం జరుగుతున్న దీవి అది. అక్కడ ఆయనకంటే ముందు ఆ పదవిలో ఉన్నదీ భారతీయుడే, లెఫ్టినెంట్‌ జనరల్‌ పి.ఎస్‌.జ్ఞానీ. వూలిచ్‌లో చదివి ఫిరంగి దళంలోకి వెళ్లిన తొలి తరం భారతీయుల్లో ఒకరు. తిమ్మయ్యకు మూసి ఉన్న తలుపులోంచి, తర్వాత వచ్చినవారన్నమాట.

1965 డిసెంబరు 18న సైప్రస్‌లోనే గుండెపోటుతో తిమ్మయ్య కన్నుమూశారు. అప్పటికి 59 ఏళ్లు. భౌతికకాయాన్ని బెంగళూరు తెచ్చారు. చదువుకున్న ఊరు, లెఫ్టినెంటుగా తిరిగిన దారులు. మరుసటేడు సైప్రస్‌ ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. ఒక దేశం ఇంకో దేశపు సైనికుడిని అలా తలచుకోవడం అరుదు.

బెంగళూరు, బళ్లారి, కోలారు, హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగిళ్లలో ఏటా ఎందరో పిల్లలు ఎన్‌డీఏ, సీడీఎస్‌ పరీక్షలు రాస్తున్నారు. రేపు వాళ్లలో ఒకరు డెహ్రాడూన్‌లోనో చెన్నైలోనో కూర్చుని ఏ దళం కావాలో ఒకటి, రెండు, మూడు అని రాసేటప్పుడు, ఆ కాగితం మీద అన్ని గడులు ఊరికే రాలేదని గుర్తుంచుకుంటే చాలు. దొరికిన గదిలోనే నిలబడి పని నేర్చుకున్న ఓ తరం వాటిని ఒక్కొక్కటిగా సంపాదించి పెట్టింది.